ఒకే బస్తాలోని జవాబులు

ఇప్పుడు ఎక్కడ చూసినా క్వాంటం మాటే. మొన్న టెక్కలి బస్టాండులో టీ తాగుతుంటే పక్కన ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్ళు, క్వాంటం కోర్సులో చేరితే ఉద్యోగం గ్యారంటీ అని మాట్లాడుకుంటున్నారు. బాబూ, ఆ క్వాంటమే మా దగ్గర ఒకమ్మాయి ఉద్యోగానికి ఎసరు పెట్టిందిరా అని చెప్పబోయాను. ఇంతలో వాళ్ళ బస్సు వచ్చేసింది. వాళ్ళకి చెప్పలేకపోయింది మీకు చెబుతాను. మీలో కొందరైనా రేపు ల్యాబుల్లో కూర్చునేవాళ్ళు ఉంటారు.

నేను టెక్కలి దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నాది పుట్టుగాభరా. ప్రశ్నపత్రం కవరుకి సీలు వేశాక కూడా, లోపల సరైన పేపరే పెట్టానా అని మళ్ళీ చించి చూసుకునే రకం. "నీకు బీపీ రాలేదు బావా, బీపీకే నువ్వొచ్చినావు" అనేవాడు మా హెచ్‌ఓడీ. ఆయనది మందస, నా ఈడువాడే. చుట్టరికం ఏమీ లేదు, అయినా మొదటిరోజు నుంచీ బావా అనే పిలిచాడు.

నా పని సమాంతర కంప్యూటింగ్. అంటే పెద్ద లెక్కని ముక్కలు చేసి, చాలా కంప్యూటర్లకి పంచి, ఒకేసారి చేయించడం. దానికి ఖరీదైన యంత్రాలు కావాలి. మా కాలేజీ కొనదు. అందుకని పిల్లల ల్యాబుల్లోంచి తీసేసిన పాత కంప్యూటర్లని ఒక్కొక్కటీ అడిగి తెచ్చుకుని, వెనక బ్లాకులో ఒక గదిలో పెట్టి, వైర్లతో కలిపాను. ఫ్యాన్ల మోత, వేడి, ఎలుకలు. హెచ్‌ఓడీ రోజూ గుమ్మంలో నిలబడి, "ఏటి బావా, నీ ముసలావులు ఈ రోజు పాలిచ్చినాయా?" అని అడిగేవాడు. ఇచ్చేవి. లీటరుకి పావు లీటరే గానీ, ఇచ్చేవి.

అసలు క్వాంటం కంప్యూటరు మాకెక్కడిది? అది ఎలా ప్రవర్తిస్తుందో లెక్కగట్టి, ఈ మామూలు కంప్యూటర్ల చేత నటింపజేసేవాళ్ళం. ఇక్కడ ఒక్క ముక్క మాత్రం ఓపిగ్గా వినండి, తరవాత విసిగించను. క్వాంటం యంత్రం అడిగినప్పుడల్లా ఒకే జవాబు చెప్పదు. ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి. చాలాసార్లు అడిగి, ఏది ఎక్కువసార్లు వచ్చిందో చూసుకోవాలి. కాబట్టి దాన్ని నటించే కంప్యూటరు లోపల పాచికలు వెయ్యాలి. ఒక్కో కంప్యూటరు తన పాచికలు తను వేసుకోవాలి. అలా విడివిడిగా వేసుకున్నా అన్నీ ఒకే జవాబు దగ్గరికి చేరాయంటే, దాన్ని నమ్మొచ్చు.

నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి మా డిపార్టుమెంటులోనే లెక్చరరు. కాశీబుగ్గ పిల్ల. వాళ్ళ నాన్నకి అక్కడ జీడిపిక్కలు కొనే యార్డు ఉంది. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. భర్త ఫ్యాన్సీ కొట్టు అంతంతమాత్రం, ఇల్లు నడిచేది ఈమె జీతంతోనే. క్లాసులో శుభ్రంగా కాలేజీ భాష మాట్లాడేది. గాభరా పడిందంటే మాత్రం కాశీబుగ్గ బయటికొచ్చేసేది. దాన్నిబట్టే ఆమె మనసు ఎలా ఉందో నాకు తెలిసేది.

ఆమె ఎంచుకున్న లెక్క కూడా ఇక్కడిదే. కిడ్నీ జబ్బులు ముదిరిన ఉద్దానం ఊళ్ళ నుంచి డయాలసిస్‌కి పలాస వచ్చేవాళ్ళు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు. వాళ్ళని తెచ్చే వ్యాను ఏ ఊరి తరవాత ఏ ఊరికి వెళితే మనుషులు తక్కువసేపు అందులో కూర్చుంటారు? ఊళ్ళు పెరిగేకొద్దీ ఈ లెక్క మామూలు పద్ధతికి లొంగదు. క్వాంటం పద్ధతిలో లొంగదీయాలని ఆమె పట్టు. వాళ్ళ మేనత్త ఆ వ్యానులోనే వచ్చేది. దిగేసరికి మనిషి తోటకూర కాడలా వేలాడిపోయేదట.

చాలాకాలం ఆమెకేమీ కలిసిరాలేదు. జవాబులు చెల్లాచెదురుగా వచ్చేవి. ఒక వేసవిలో పద్ధతిలో ఒక మార్పు చేసింది. అంతే, దశ తిరిగింది. కంప్యూటర్లన్నీ ఒకే దారి చూపించడం మొదలెట్టాయి. ఈ రోజు నడిపినా అదే, వారం పోయాక నడిపినా అదే. నేను స్వీట్లు పంచాను. హెచ్‌ఓడీ నా స్వీటు తింటూ, "ఇక నీ ఆవులకి దండలెయ్యాలి" అన్నాడు. పేపరు రాశాం, ఒక కాన్ఫరెన్సు వాళ్ళు తీసుకున్నారు కూడా.

ఇక మిగిలింది ఆఖరి సెమినారు. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ అందులో ఔనంటేనే థీసిస్ తీసుకుంటారు. ఆమె గడువు అప్పటికే పొడిగించి పొడిగించి చివరికి వచ్చేసింది, ఆ నెలతో సరి. మరోపక్క కాలేజీ వాళ్ళు, పీహెచ్‌డీ లేనివాళ్ళని ఆ విద్యా సంవత్సరం తరవాత ఉంచుకోబోమని చెప్పేశారు. అంటే సెమినారు పోతే డిగ్రీ పోతుంది, డిగ్రీ పోతే ఉద్యోగం పోతుంది. ఆమె కంటే ముందు నాకే నిద్ర పోయింది.

ఎగ్జామినర్ వచ్చే ముందురోజు మధ్యాహ్నం ఆమె నా గదికొచ్చింది.

"సార్, ఒకసారి ల్యాబుకి వత్తారా?"

'వత్తారా' అన్న మాట వినగానే చేతిలో పేపర్లు పక్కన పెట్టేశాను.

"రేపు ఆయనొస్తుంటే ఇప్పుడు ల్యాబేంటమ్మా? స్లైడ్లు చూసుకో."

"స్లైడ్ల గురించే సార్."

వెళ్ళాను. రెండు కంప్యూటర్ల తెరలు పక్కపక్కన పెట్టి చూపించింది. "సరైన జవాబులు కలిసినాయి, మనకి సంబరమే. తప్పు జవాబులు సూడండి. దీంట్లో తప్పిన కాడే దాంట్లోనూ తప్పినాది. అదే తప్పు. దాని ఎనకాల వచ్చిందీ అదే. ఇంకో రెండు తీసి సూసినాను. అవీ అంతే."

నేను కళ్ళజోడు తుడుచుకుని చూశాను. నిజమే. వరస కూడా తేడా లేదు.

"మా యార్డులో రైతు బస్తాలు దించితే, నాన్న ఒక్కో బస్తాలోంచి గుప్పెడు పిక్కలు తియ్యమని, కోసి సూత్తాడు సార్. ఒకదాంట్లో నల్లపప్పు ఎక్కువుంటాది, ఒకదాంట్లో తాలు ఎక్కువుంటాది. ఒకే తోట పిక్కలైనా ఏ రెండు గుప్పెళ్ళూ ఒకలాగ రావు. అన్నీ ఒకలాగ వచ్చినాయంటే తీసినోడు బద్ధకించి ఒకే బస్తాలో చెయ్యి పెట్టినాడన్నమాట. నాన్న అప్పుడు కొనడు. మళ్ళీ తియ్యమంటాడు." ఆమె తెర మీద వేలు పెట్టింది. "ఇవన్నీ ఒకే బస్తాలోయి సార్."

అక్కడే స్టూలు మీద కూలబడ్డాను.

కారణం వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. వెతక్కపోతే బాగుండునని వెతుకుతున్నంతసేపూ అనుకున్నాను. పాచికలు ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో ప్రతి కంప్యూటరూ తన గడియారం చూసుకుని నిర్ణయించుకుంటుంది. గడియారాలు కొద్దిగానైనా తేడాగా ఉంటాయి కాబట్టి ఏ పాచిక దానిది. ఆ గడియారాన్ని కరెంటు లేనప్పుడు బతికించేది లోపలుండే బిళ్ళంత బ్యాటరీ. మావి ముసలి కంప్యూటర్లు కదా, బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయి. కరెంటు పోయి వస్తే చాలు, అన్నిటి గడియారాలూ అవి తయారైన కాలం నాటి తేదీకి వెళ్ళిపోతున్నాయి. అన్నీ ఒకే రకం, ఒకే ఏడు కొన్నవి, కాబట్టి ఒకే తేదీ.

ల్యాబు టెక్నీషియన్ని పిలిచాను. మంచివాడు, ఆమెకి సాయం చెయ్యాలని తాపత్రయపడేవాడు. విషయం చెప్పగానే అతని మొహం పాలిపోయింది.

"ఏసవిలో కరెంటు ఊరికే పోతంది, మేడమ్ పదేసిసార్లు మొదలెట్టుకోలేక అవస్థ పడతన్నారని, నేనే సార్, మెయిన్ సుచ్చి ఏత్తే ప్రోగ్రాం దానంతటదే మొదలైపోయేటట్టు పెట్టినాను. తప్పయిపోనాదా?"

తప్పేముంది? అడిగితే నేనే భేష్ అనేవాణ్ణి. ఒకే స్విచ్చితో అన్నీ ఒకే క్షణంలో లేస్తున్నాయి, లేచి ఒకే గడియారం చూసుకుంటున్నాయి, ఒకే పాచిక వేస్తున్నాయి. ఒక కంప్యూటరుకి దక్కిన అదృష్టాన్నే మిగతావన్నీ అప్పజెబుతున్నాయి. ఆమె పద్ధతి మార్చిందీ, అతను స్విచ్చి మార్చిందీ ఒకే వేసవిలో. మేము ఘనత పద్ధతికిచ్చాం.

హెచ్‌ఓడీ వచ్చాడు. అంతా విన్నాడు. తలుపు దగ్గరికి వేశాడు. ఆ రోజు ఆవుల గురించి అడగలేదు.

"బావా, ఈ సంగతి ఈ నలుగురికే తెలుసు. రేపు సెమినారు అవనీ. ఆయన సంతకం పెట్టి ఎల్లిపోనీ. తరవాత తీరిగ్గా బ్యాటరీలు మార్చి, మళ్ళీ నడిపి, థీసిస్‌లో దిద్దుకోండి. ఎవుడొచ్చి ఈ డబ్బాలు ఇప్పి సూత్తాడు?"

ఆయన్ని దుర్మార్గుడనుకోకండి. ఆ అమ్మాయి ఇంటి పరిస్థితి మా అందరికంటే ఆయనకే ఎక్కువ తెలుసు. ఉద్యోగం ఇప్పించింది ఆయనే. నేను ఆయన మాట కాదనలేను, ఔననలేను. నాకు తోచిన ఉపాయం నాలాంటివాడికే తోస్తుంది. "నాకు గుండెల్లో నొప్పని చెప్దాం. సెమినారు వాయిదా పడుతుంది" అన్నాను. పూర్తిగా అబద్ధం కూడా కాదు, నిజంగానే గుండెల్లో దడగా ఉంది.

ఆమె నవ్వింది. "నెలాఖరుకి గడువు సార్. మీకు ఎన్నాళ్ళు నొప్పుంటాది?"

సరిచేసి పెద్ద లెక్క మళ్ళీ నడపాలంటే వారాలు పడుతుంది. అంత టైము లేదు. ఏం చేస్తావమ్మా అని అడిగాను. తెలీదు సార్ అంది. పిల్లల్ని ట్యూషన్ నుంచి తీసుకెళ్ళాలని చెప్పి, బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న ఎగ్జామినర్ని పలాస స్టేషన్ నుంచి తీసుకురావడానికి నేనే వెళ్ళాను. మాకు దక్షిణాన ఉండే కింద జిల్లాల మనిషి, సన్నగా, పెద్దమనిషి తరహాగా ఉన్నాడు. థీసిస్ అక్షరం వదలకుండా చదివినట్టున్నాడు. కారులో టెక్కలి దాకా దాన్ని మెచ్చుకుంటూనే ఉన్నాడు. కంప్యూటర్లన్నీ అంతలా ఏకీభవించడం తనెక్కడా చూడలేదన్నాడు. నేను కిటికీలోంచి జీడితోటలు చూస్తూ, ఆహా అంటూ, చేతిగుడ్డతో మెడ తుడుచుకుంటూ కూర్చున్నాను. చెప్పాల్సింది ఆమెనా, నేనా? ఆమె చెప్పదల్చుకోకపోతే నేను నోరు జారితే? ఆమె చెప్పదల్చుకుంటే నేను దాచినట్టవుతుందా? రోడ్డు అయిపోయింది గానీ నా ఆలోచన తెగలేదు.

సెమినారు హాల్లో ముందువరసలో ప్రిన్సిపాల్, హెచ్‌ఓడీ, ఎగ్జామినర్. ఆమె నీలం చీర కట్టుకొచ్చింది. మొదటి స్లైడు వేసింది, పేరూ, టైటిలూ. రెండోది వెయ్యలేదు.

"ముందు ఒక మాట సెప్పాలండి" అంది.

ఆ 'సెప్పాలండి' వినగానే నాకు అర్థమైపోయింది. హెచ్‌ఓడీ తల దించుకున్నాడు.

మొత్తం చెప్పింది. బస్తాల సంగతి చెప్పలేదు గానీ బ్యాటరీలు, గడియారం, స్విచ్చి, అన్నీ. టెక్నీషియన్ పేరెత్తలేదు. 'మేము అలా ఏర్పాటు చేసుకున్నాం' అంది. కాబట్టి తన థీసిస్‌లో ఆఖరి రెండు అధ్యాయాల్లో ఉన్న ఫలితాల్ని తను నమ్మడం లేదంది. ప్రిన్సిపాల్ నావైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ నా మొహం మీదే ఉంది.

ఎగ్జామినర్ కాసేపు పెన్నుతో గెడ్డం గోక్కున్నాడు. "పెద్ద లెక్కకి వారాలు పడుతుందన్నారు. ఊళ్ళు తగ్గించి చిన్న లెక్క చేస్తే?"

"సాయంత్రానికి అయిపోతాదండి."

"సరే, నా రైలు సాయంత్రమే. ఇప్పుడు నడపండి. నేను కూర్చుంటాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. పద్ధతి మంచిదే అయితే, పాచికలు విడివిడిగా వేసినా మంచి దారే ఎక్కువసార్లు వస్తుంది. అప్పుడు తప్పు ఒప్పుకున్నందుకు పరువూ దక్కుతుంది, డిగ్రీ కూడా దక్కుతుంది. టెక్నీషియన్ ఒక్కో కంప్యూటరు దగ్గరికెళ్ళి పాచికలు మొదలెట్టడానికి చేత్తో వేరువేరు అంకెలు ఇచ్చాడు. మొదలెట్టాం.

ఆ మధ్యాహ్నం నా సర్వీసంతటిలోకీ పొడుగైన మధ్యాహ్నం. అందరం ఆ వేడి గదిలో ప్లాస్టిక్ కుర్చీలేసుకుని కూర్చున్నాం. నా భయమల్లా కరెంటు పోతుందేమోనని. పోతే మళ్ళీ మొదటికి. హెచ్‌ఓడీ లేచి వెళ్ళాడు. ఎక్కడికెళ్ళాడో అనుకున్నాను, జనరేటరు దగ్గర నిలబడ్డాడట, అటెండరుతో పాటు, ఎండలో. ముందురోజు నోరు మూసుకోమన్న మనిషి ఆయనే. కరెంటు ఒకసారి మిణుకుమంది. నేను కళ్ళు మూసుకున్నాను. పోలేదు. ఎగ్జామినర్ మజ్జిగ తాగుతూ వ్యాను గురించి అడిగాడు. ఆమె మేనత్త సంగతి చెప్పింది. ఏ ఊళ్ళో ఎక్కుతుంది, ఎంతసేపు కూర్చుంటుంది, దారిలో వాంతి వస్తే డ్రైవరు ఎక్కడ ఆపుతాడు, అన్నీ. ఆయన వింటూ గ్లాసు కింద పెట్టేశాడు.

జవాబులు రావడం మొదలైంది. మొదటి కంప్యూటరుది చూసి నేను ఆశపడ్డాను, మంచి దారే ఎక్కువగా ఉంది. రెండోది ఇంకేదో చెప్పింది. మూడోది వేరేది. ఈసారి ఏదీ దేన్నీ అప్పజెప్పడం లేదు. ఒక్కొక్కటీ వస్తున్నకొద్దీ నేను లోపల కూడుకుంటూ, ఇంకొక్కటి వస్తే సరిపోతుంది, ఇంకొక్కటి అనుకుంటున్నాను. అన్నీ వచ్చేశాయి. మంచి దారి మిగతా దార్ల కంటే ఎక్కువగా ఏమీ రాలేదు. కళ్ళు మూసుకుని చీటీలు తీసినా దాదాపు అంతే వస్తుంది.

ఎగ్జామినరే అడిగాడు, "మీరేమంటారు?"

"పనిచెయ్యడం లేదండి" అంది ఆమె.

ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "అమ్మా, మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. పొద్దున మంచి రిపోర్టు రాద్దామనే రైలు దిగాను. ఇప్పుడు చూసింది చూసినట్టు రాయాలి. థీసిస్ తీసుకోమని రాయలేను."

"తెలుసండి."

సాయంత్రం ఆయన్ని స్టేషనుకి తీసుకెళుతుంటే ఆమె కూడా ఎక్కింది. దారిలో ఆయన మొహమాటపడుతూ, మా ఇంట్లో పలాస జీడిపప్పు తెమ్మన్నారు, ఎక్కడ బాగుంటుంది అని అడిగాడు. కాశీబుగ్గలో కారు ఆపించి ఆమే దిగింది. కొట్టువాడు పైన పోసిన పప్పు తీయబోతే, "అది కాదు మావా, లోపలి డబ్బాలోది తియ్యి. బేరం నాతో సెయ్యి" అని, విరగని గుండు పప్పు ఏరించి, ధర తగ్గించి, ఆయన చేతిలో పెట్టింది. తన డిగ్రీ ఆపిన మనిషికి ఆ పిల్ల దగ్గరుండి మంచి పప్పు కొనిపెట్టింది. నేను కారులో కూర్చుని మొహం అటు తిప్పుకున్నాను. ఏడుపొచ్చింది.

తరవాత మేము చెయ్యాల్సిందల్లా చేశాం. గడువు పొడిగించమని యూనివర్సిటీ చుట్టూ తిరిగాను. కుదరదన్నారు. హెచ్‌ఓడీ ఆమె ఉద్యోగం కోసం ప్రిన్సిపాల్‌తో పోట్లాడి, మాట పడి వచ్చాడు. కాన్ఫరెన్సు పేపరు మేమే వెనక్కి తీసుకున్నాం. విద్యా సంవత్సరం అయ్యాక ఆమెని కొనసాగించలేదు. వెళ్ళేరోజు స్టాఫ్‌రూములో అందరికీ టీ ఇప్పించి, టెక్నీషియన్ని పక్కకి పిలిచి ఏదో చెప్పింది. ఏం చెప్పిందో అతను నాకు చెప్పలేదు. కొత్త బ్యాటరీలు మాత్రం తన జేబులోంచి కొని తెచ్చి వేశాడు.

అప్పట్నుంచీ నాకు ఒకటే బెంగ. ఆమెకి నేనంటే కోపమేమోనని. గైడునై ఉండి, అన్ని నెలలు అన్ని కంప్యూటర్లు ఒకే మాటంటుంటే స్వీట్లు పంచినవాణ్ణి. సెలవుల్లో పలాస మీదుగా వెళ్ళినప్పుడల్లా దిగి పలకరిద్దామనుకోవడం, ధైర్యం చాలక బస్సులోనే కూర్చుండిపోవడం. రిటైరయ్యాక ఒకరోజు దిగాను.

పిక్కల సీజను. యార్డు నిండా బస్తాలు. వాళ్ళ నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కొనుగోలు ఈమే చూస్తోంది. నన్ను చూసి చేతులు దులుపుకుని వచ్చింది. కూర్చోబెట్టి కొబ్బరి నీళ్ళు తెప్పించింది. ఒడిశా వైపు ఒక యూనివర్సిటీలో మళ్ళీ మొదటి నుంచి చేరానంది. ఆ పద్ధతి ఎందుకు పనిచెయ్యదన్నదే ఇప్పుడు టాపిక్ అట. రాత్రిళ్ళు పిల్లలు పడుకున్నాక చదువుతోందట. ఎంతకాలం పడుతుందని అడిగాను. తెలీదు సార్ అంది, అప్పటిలాగే.

వచ్చిన పని అడక్కుండా వెళ్ళలేను. లేస్తూ అడిగేశాను. "ఆ రోజు చెప్పకుండా ఉంటే బాగుండేదని ఎప్పుడైనా అనిపిస్తుందామ్మా?"

లేదు సార్ అంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ మాట వినడానికే అంత దూరం వెళ్ళాను.

ఆమె దాచలేదు. "అనిపిస్తాది సార్. నెల నెలా ఒకటో తారీఖున అనిపిస్తాది. పిల్లల ఫీజు, ఇంటి సరుకులు, అన్నీ ఆ రోజే కదా. మిగతా రోజుల్లో అనిపించదు."

ఆ ఒకటో తారీఖులన్నిటికీ, రిటైరయ్యేదాకా, నాకు జీతం పడింది. ఆమె నన్ను బస్సు దాకా దింపి, యార్డులో రైతు ఎదురుచూస్తున్నాడని వెళ్ళిపోయింది.